కాటిసీను చీకటి, నీలం లైటు, ఇసక చల్లినట్టున్న వీడియో: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఊళ్లో శ్రీరామనవమికి పందిరి వేసి రాత్రంతా హరిశ్చంద్ర నాటకం ఆడించారు. కాటిసీనులో హరిశ్చంద్రుడు మా పెదనాన్న. ఆయనకి డెబ్భై దాటాయి, ఇకమీదట వేషం కట్టనని అందరి ముందూ చెప్పేశారు. నేను మామూలు మిర్రర్‌లెస్ కెమెరాని, దాంతో వచ్చిన కిట్ లెన్స్‌తోనే స్టాండు మీద పెట్టి మొత్తం తీశాను. కాటిసీను రాగానే స్టేజీ మీద లైట్లన్నీ ఆపి ఒక్క నీలం లైటు ఉంచారు. ఇంటికొచ్చి చూస్తే మనిషి సరిగ్గా కనపడటం లేదు, వెలుతురు పెంచితే తెరంతా ఇసక చల్లినట్టు రంగురంగుల చుక్కలు, మొహం ఊదారంగు. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్ వాడుతున్నాను. మొహాన్ని మామూలు రంగులోకి తేవడం ఎలా?
– ఒక పాఠకుడు, తెనాలి దగ్గర పల్లె

జవాబు: ఎడిటింగ్ సంగతి తర్వాత. ముందు మెమరీ కార్డులో ఉన్న ఫైళ్లని ఉన్నవున్నట్టుగా రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేసుకోండి. వాట్సాప్‌లో పంపించుకున్నవీ కన్వర్ట్ చేసినవీ పనికిరావు, కెమెరా రాసిన అసలు ఫైళ్లే కావాలి. మీ పెదనాన్నగారు ఆ వేషం మళ్లీ కట్టరు కదా, రేపు ఇంతకంటే మంచి సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టాలంటే అవే ఆధారం.

ఇక చుక్కలు. వాన మొదలయ్యేటప్పుడు అరుగు మీద చూడండి, ఒక బండ మీద మూడు చినుకులు పడితే పక్క బండ మీద ఒక్కటే పడుతుంది, అదే జోరుగా కురిస్తే అన్నీ ఒకేలా తడుస్తాయి. సెన్సర్ మీద వెలుతురు పడేదీ ఇలాగే. ఒక పిక్సెల్‌కి సగటున 10,000 ఫోటాన్లు, అంటే వెలుతురు చినుకులు, అందుతుంటే అటూ ఇటూ ఓ 100 తేడా వస్తుంది, అంటే 1 శాతం, కంటికి ఆనదు. 100 మాత్రమే అందుతుంటే తేడా 10, అంటే 10 శాతం. మీరు చూస్తున్న ఇసక చాలావరకు ఇదే. ఎడిటింగ్‌లో వెలుతురు ఎంత పెంచినా పడని చినుకులు కొత్తగా పడవు, ఉన్న తేడానే పెద్దదై కనపడుతుంది.

దీనికి తోడు మీకు నీలం లైటు. మామూలు సెన్సర్ మీద ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపుది, ఒకటి నీలానిది. స్టేజీ మీద నీలం తప్ప ఇంకే వెలుతురూ లేనప్పుడు ఎరుపు పిక్సెల్‌కి దాదాపు ఏమీ అందదు, ఆకుపచ్చకి ఏదో కొంచెం. రిజాల్వ్‌లో స్కోప్స్ తెరిచి పరేడ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం గ్రాఫులు పక్కపక్కన) పెట్టుకుని చూడండి, నీలం గ్రాఫు నిటారుగా లేచి ఉంటుంది, మిగతా రెండూ నేలకి అంటుకుపోయి ఉంటాయి. చర్మం రంగు రావాలంటే ఎరుపు కావాలి, మీ ఫైల్లో ఎరుపే లేదు. వైట్ బ్యాలెన్స్ జరిపి, రెడ్ గెయిన్ పెంచి మొహాన్ని మామూలు చెయ్యాలని చూస్తే పైకి లేచేది నాయిస్ (ఆ ఇసక చుక్కలు) ఒక్కటే, మీకు ఊదారంగు చుక్కలు వచ్చింది అక్కడి నుంచే. అందుకని నా సలహా సూటిగా చెప్తాను, మామూలు రంగు ఆశ వదిలెయ్యండి. నాటకం వాళ్లు ఆ నీలం లైటు కావాలనే వేశారు, అది శ్మశానం, అర్ధరాత్రి. నీలాన్ని నీలంగానే ఉంచి మొహంలో భావం కనపడేలా చేద్దాం, అది మీ దగ్గరున్న ఫ్రీ వెర్షన్‌తోనే చాలావరకు అవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది వరస. నాయిస్ తగ్గించడం మొదటి నోడ్‌లో, రంగులు వెలుతురు ఆ తర్వాతి నోడ్లలో. నోడ్ అంటే ఒక్కో మార్పు విడిగా చేసే గడి. చాలామంది ముందు వెలుతురు పెంచి, చుక్కలు కనపడ్డాక అప్పుడు డీనాయిస్ వేస్తారు. అప్పటికి నాయిస్ ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువగా సాగిపోయి ఉంటుంది, ఏది చుక్కో ఏది గడ్డం వెంట్రుకో సాఫ్ట్‌వేర్‌కి తేల్చుకోవడం కష్టమవుతుంది.

రిజాల్వ్‌లో అసలైన నాయిస్ రిడక్షన్ స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. ఫ్రీలో వేస్తే బొమ్మ మీద వాటర్‌మార్క్ పడుతుంది. కానీ ఒక దారి ఉంది. మొదటి నోడ్ మీద రైట్ క్లిక్ చేసి కలర్ స్పేస్‌ని ల్యాబ్‌కి మార్చండి, మళ్లీ రైట్ క్లిక్ చేసి ఛానెల్స్‌లో మొదటి ఛానెల్‌కి టిక్ తీసెయ్యండి. ఇప్పుడు ఆ నోడ్‌లో ఏం చేసినా వెలుగునీడల్ని ముట్టుకోదు, రంగుల్ని మాత్రమే తాకుతుంది. అక్కడ బ్లర్ ప్యాలెట్‌లో రేడియస్ 0.50 దగ్గర ఉంటుంది, దాన్ని 0.55 నుంచి 0.60 దాకా మెల్లగా జరపండి. రంగురంగుల చుక్కలన్నీ కరిగిపోయి బూడిదరంగు గింజలు మాత్రం మిగులుతాయి. మన కళ్లు రంగులో వివరాలు అంతగా పట్టించుకోవు, పైగా మీ కెమెరా 4:2:0 పద్ధతిలో రికార్డు చేసి ఉంటే రంగు సమాచారం మొదటి నుంచీ నాలుగో వంతే ఉంటుంది, కాబట్టి రంగుని కాస్త బ్లర్ చేస్తే పోయేదేమీ ఉండదు. మిగిలిన బూడిద గింజల్ని భయపడకుండా ఉండనివ్వండి, పాత ఫిల్ము సినిమా చూసిన కళ్లకి అవి ఇబ్బంది పెట్టవు.

స్టూడియో కొనే ఆలోచన ఉంటే (ఒక్కసారి కడితే చాలు, 295 డాలర్లు) మీలాంటి షాటుకి టెంపోరల్ నాయిస్ రిడక్షన్ అద్భుతంగా పని చేస్తుంది. అది ముందూ వెనకా ఫ్రేములని కలిపి సగటు తీస్తుంది. బొమ్మ కదలకుండా ఉంటే నాలుగు ఫ్రేముల సగటులో నాయిస్ సగానికి పడిపోతుంది, వివరం మాత్రం చెక్కుచెదరదు. మీ కెమెరా స్టాండు మీద ఉంది, కాటిసీనులో నటుడు ఒకచోట నిలబడి పద్యం మీద పద్యం పాడతాడు, ఇంతకంటే అనువైన షాటు దొరకదు. ముందు టెంపోరల్ వేసి, సరిపోకపోతేనే స్పేషియల్ (ఒకే ఫ్రేము లోపల చేసేది) కొద్దిగా కలపండి. లూమా (వెలుగు), క్రోమా (రంగు) స్లైడర్ల మధ్య లింకు తీసేసి క్రోమా బాగా, లూమా తక్కువగా పెట్టండి. ఎంత పెట్టాలి అంటే అంకె చెప్పలేను, గుర్తు చెప్తాను. మీ పెదనాన్నగారి భుజం మీద గొంగళి ఉంటుంది కదా, దాని గరుకుదనం కనపడుతూ ఉండాలి. గొంగళి పట్టుబట్టలా నున్నగా మారిందంటే మొహంలో ముడతలూ పోయి మైనపు బొమ్మ అయిపోయిందని అర్థం, వెనక్కి తగ్గండి. ఇంకో జాగ్రత్త, దీన్ని ఆగిన ఫ్రేము మీద చూసి తేల్చకండి, ప్లే చేసి చూడండి. ఆపినప్పుడు ఘోరంగా కనపడే గింజలు కదిలేటప్పుడు కలిసిపోతాయి.

రిజాల్వ్ బయట అయితే షాట్‌కట్ అనే ఉచిత ఎడిటర్‌లో హెచ్‌క్యూడీఎన్3డీ ఫిల్టర్ ఉంది, పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. కొనే వాటిలో నీట్ వీడియో ప్లగిన్ మంచిది. అందులో నాయిస్ శాంపిల్ కోసం వివరమేమీ లేని చోటు చూపించాలి, స్టేజీ వెనక నల్లతెర అందుకు సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు రంగు. రెండో నోడ్‌లో ఆర్‌జీబీ మిక్సర్ తెరిచి ప్రిజర్వ్ లూమినెన్స్ టిక్ తీసెయ్యండి. ఎరుపు అవుట్‌పుట్‌లో నీలాన్ని 0.30 దాకా కలపండి, ఆకుపచ్చ అవుట్‌పుట్‌లో కూడా అంతే. మీ ఫైల్లో శుభ్రంగా ఉన్న ఛానెల్ నీలం ఒక్కటే, దాంట్లోని బొమ్మని ఖాళీగా ఉన్న ఆ రెండింట్లోకీ పోస్తున్నామన్నమాట. రెడ్ గెయిన్ పెంచినప్పుడు నాయిస్ పెరిగింది, ఇక్కడ బొమ్మ పెరుగుతుంది, ముదురు నీలం కాస్తా వెన్నెల రంగుకి దిగుతుంది. మొహం వాలకం ఇక్కడే మారిపోతుంది, మీరే చూస్తారు. పరేడ్‌లో నీలం గ్రాఫు పైన కత్తిరించినట్టు చదునుగా ఉంటే మాత్రం అక్కడి వివరం కెమెరాలోనే పోయింది, దాన్ని ఎవరూ తేలేరు.

వెలుతురు పెంచడానికి ఆఫ్‌సెట్, లిఫ్ట్ ముట్టుకోకండి. అవి చీకటిని కూడా పైకి లేపుతాయి, ఇసకంతా ఉన్నది ఆ చీకట్లోనే. గామా (మధ్యస్థపు వెలుగు) కొంచెం పెంచి, కర్వ్‌లో కింది భాగాన్ని కిందికే నొక్కి పెట్టండి, తెర నల్లగా ఉండాలి, పందిరి రాటలు కనపడకపోయినా నష్టం లేదు. తర్వాత మొహం చుట్టూ గుండ్రటి పవర్ విండో గీసి, అంచులు బాగా మెత్తగా చేసి, ట్రాక్ చేసి, ఆ లోపల మాత్రం ఇంకొంచెం గామా పెంచండి. చూసేవాళ్ల కన్ను నేరుగా అక్కడికే పోతుంది.

మిగతా అంకాల్లో పసుపు ఫోకస్ లైట్లు వేసి ఉంటారు. అక్కడ కథ తిరగబడుతుంది, ఎరుపు నిండుగా ఉండి నీలం ఎండిపోతుంది. తెల్లపంచె పాలలా తెల్లగా రావాలని పట్టుబడితే నీలం ఛానెల్ చుక్కలన్నీ పంచె మడతల్లోకి వస్తాయి. పసుపుని సగం తగ్గించి ఆపెయ్యండి.

ఇంకొక్క మాట, అడగకపోయినా చెప్తున్నాను. హార్మోనియం, పద్యం శుభ్రంగా వినపడితే బొమ్మలో గింజల్ని ఎవరైనా క్షమిస్తారు. మైకు సెట్టు దగ్గర విడిగా రికార్డింగ్ ఏదైనా ఉందేమో ఆ కుర్రాణ్ణి ఈ వారమే అడగండి, వాళ్లు అలాంటివి ఎక్కువ రోజులు ఉంచరు.

ప్రశ్న: పెళ్లి బారాత్‌లు ఎక్కువగా తీస్తాను, సోనీ ఎఫ్‌ఎక్స్3 మీద, ఎస్‌లాగ్3 అనే లాగ్ ప్రొఫైల్‌లో (కాంట్రాస్ట్ తగ్గించి చప్పగా రికార్డు చేసే పద్ధతి). నాయిస్ రాకూడదని ఐఎస్ఓ 12800కి పోకుండా 5000, 6400 దగ్గరే ఆపుతున్నాను. అయినా లట్ (లాగ్‌ని మామూలు రంగుల్లోకి మార్చే ఫైలు) వెయ్యగానే నీడలన్నీ నాయిస్. లట్ చెడ్డదా?
– వీడియోగ్రాఫర్, నిజామాబాద్

జవాబు: లట్ తప్పేం లేదు అన్నా, ఐఎస్ఓ దగ్గర పొరపాటు జరుగుతోంది. ఆ కెమెరాకి ఎస్‌లాగ్3లో రెండు బేస్ ఐఎస్ఓలు, 800, 12800. మధ్యలో ఉన్న 6400 అంటే మొదటి బేస్‌ని లాగి సాగదీయడం. 12800 దగ్గర సెన్సర్ లోపలి సర్క్యూటే మారుతుంది, అందుకే 6400 కంటే 12800 శుభ్రంగా ఉంటుంది. అంకె చూసి భయపడొద్దు, ఇంటి ముందు వీధిలో రెండూ తీసి పక్కపక్కన పెట్టి చూసుకోండి. వెలుతురు ఎక్కువైతే ఎపర్చర్ మూసుకోండి, ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే అద్దం) వెయ్యండి.

రెండోది, లాగ్‌లో నీడలు పైకి లేపి రాసి ఉంటాయి, లట్ వాటిని కాంట్రాస్ట్‌తో సాగదీస్తుంది. మీటరు చెప్పినదానికంటే ఒకటి, ఒకటిన్నర స్టాపు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు) ఎక్కువ వెలుతురుతో తీసి ఎడిటింగ్‌లో కిందికి దించితే నాయిస్ కూడా కిందికి దిగిపోతుంది. బొమ్మలో బల్బులు తెల్లమచ్చలై కాలిపోతాయేమో అని టెన్షన్ పడేది డీజే లైట్ల విషయంలోనే, అవి ఎలాగూ కాలతాయి, పెళ్లికొడుకు మొహం చూసుకోండి. డీనాయిస్ నోడ్ లట్ కంటే ముందు ఉండాలి, పైన తెనాలి ఆయనకి చెప్పిన కారణమే.

8 బిట్ కెమెరా ఉన్న తమ్ముళ్లకి మాత్రం ఒక మాట, రాత్రిపూట లాగ్‌లో తియ్యకండి. 8 బిట్‌లో ఉన్నవే 256 మెట్లు, 10 బిట్‌లో అయితే 1024. లాగ్‌లో చీకటి బారాత్ తీస్తే ఆ 256లో చాలా కొద్ది మెట్లే వాడుకుంటారు, వాటిని సాగదీస్తే రంగులు పగిలిపోతాయి. మామూలు ప్రొఫైల్‌లో, కాంట్రాస్ట్ కాస్త తగ్గించుకుని తియ్యండి, ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి సంపాదించండి. జూమ్ చేసినప్పుడు ఎఫ్ 5.6కి పడిపోయే కిట్ లెన్స్‌తో పోలిస్తే దాదాపు పదింతల వెలుతురు లోపలికి వస్తుంది, ఏ సాఫ్ట్‌వేరూ అంత లాభం ఇవ్వదు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. సద్దుల బతుకమ్మకి కరీంనగర్ దగ్గర అమ్మవాళ్ల ఊరికి వచ్చి ఫోన్‌లో సెకనుకి 30 ఫ్రేముల్లో వీడియో తీశాను. సీరియల్ లైట్లు, వీధిలైట్లు అన్నీ టపటపా కొట్టుకుంటున్నాయి, నల్లటి చారలు పైకీ కిందికీ పాకుతున్నాయి. ఇదే ఫోన్‌తో డాలస్‌లో తీసిన బతుకమ్మ బాగానే ఉంది. ఇప్పుడు సరిచెయ్యొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమెరికాలో కరెంటు సెకనుకి 60 సైకిళ్లు, మన దగ్గర 50. అంటే ఇక్కడ చవకరకం ఎల్ఈడీ లైటు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంది. ఫోన్ 1/60 షట్టర్‌తో తీస్తే ఒక ఫ్రేములో ఆ వెలుగు ఒకటిన్నర సార్లకి పైగా, అంటే అసంపూర్తిగా పడుతుంది, ఒక ఫ్రేముకి ఎక్కువ ఒక ఫ్రేముకి తక్కువ. ఫోన్ ఫ్రేముని వరసవరసగా చదువుతుంది కాబట్టి ఒకే ఫ్రేములో కూడా ఒక వరసకి ఎక్కువ, ఇంకో వరసకి తక్కువ. అదే చార.

మీ కేసులో అదృష్టం ఏమిటంటే 30 ఫ్రేములకి 100 వెలుగులు కాబట్టి ఈ చారల వరస సరిగ్గా మూడు ఫ్రేములకోసారి తిరిగి మొదలవుతుంది. అదే క్లిప్‌ని టైమ్‌లైన్‌లో మూడు ట్రాకుల్లో ఒకదాని మీద ఒకటి పెట్టండి. కిందది ఉన్నచోటే, ఒపాసిటీ 100. మధ్యది ఒక ఫ్రేము ముందుకి జరిపి 50. పైది ఒక ఫ్రేము వెనక్కి జరిపి 33. మూడింటికీ సమాన వాటా వచ్చి చారలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, బోనస్‌గా నాయిస్ కూడా తగ్గుతుంది. చప్పట్లు కొట్టే చేతులు మాత్రం మూడు చేతుల్లా చెదురుతాయి, కాబట్టి బతుకమ్మలు పేర్చిన షాట్లకీ, దూరం నుంచి తీసిన షాట్లకీ ఇది వేసుకోండి, దగ్గరగా తిరుగుతున్న ఆడవాళ్ల షాట్లకి వద్దు. అక్కడ పైనున్న లైట్ల భాగానికి మాస్క్ గీసి దాని లోపల మాత్రమే వెయ్యండి. ఫోన్ వీడియోల్లో ఫ్రేమ్ రేటు ఒక్కోసారి నిలకడగా ఉండదు, అలాంటప్పుడు ముందు హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేటుకి మార్చుకోవాలి, అసలు ఫైలు మాత్రం దాచుకోండి.

వచ్చే ఏడు వచ్చినప్పుడు ఐఫోన్ అయితే కెమెరా సెట్టింగ్స్‌లో పాల్ (50 సైకిళ్ల కరెంటుకి సరిపడే వీడియో పద్ధతి) ఫార్మాట్లు చూపించమని పెట్టి 25 ఫ్రేములు ఎంచుకోండి. ఏ ఫోన్ అయినా, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ మీ ఫోన్‌కి దొరికితే అది ఉచితం, అందులో షట్టర్ 1/50 దగ్గర, వైట్ బ్యాలెన్స్ ఒకచోట లాక్ చేసుకోవచ్చు. ఆ లాక్ లేకపోతే తంగేడు పసుపు ఒక నిమిషం పసుపుగా, ఇంకో నిమిషం ఆకుపచ్చగా మారుతూ ఉంటుంది.

ప్రశ్న: వైజాగ్ బీచ్ రోడ్డు రాత్రి వీడియో, నా సిస్టమ్‌లో చక్కగా ఉంది, యూట్యూబ్‌లో ఎక్కించాక ఆకాశం గళ్లు గళ్లుగా, మెట్లు మెట్లుగా వచ్చింది. డీనాయిస్ గట్టిగానే చేశాను.
– ఇంజినీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: గట్టిగా చెయ్యడమే ఇక్కడ సమస్య. నాయిస్ మరీ ఎక్కువుంటే కంప్రెషన్ ఆ చుక్కల మీదే డేటా అంతా ఖర్చుపెట్టి మిగతాది గళ్లు చేస్తుంది, అది నిజమే. కానీ ఆకాశాన్ని అద్దంలా తుడిచేస్తే 8 బిట్‌లో చీకటి నీలం నుంచి నలుపు దాకా ఉన్న కొద్దిపాటి మెట్లు బట్టబయలవుతాయి. సన్నటి గింజ ఉంటే ఆ మెట్లని అదే కప్పేస్తుంది. క్రోమా డీనాయిస్ అలాగే ఉంచి లూమా సగానికి తగ్గించండి. ఎక్కించేటప్పుడు 1080పీ టైమ్‌లైన్ అయినా సరే 4కేకి పెంచి 45 ఎంబీపీఎస్ దగ్గర ఎక్స్‌పోర్ట్ చేసి ఎక్కించండి, యూట్యూబ్ 4కేకి ఎక్కువ బిట్‌రేటు ఇస్తుంది, చూసేవాళ్లకి తేడా తెలుస్తుంది.

ప్రశ్న: చీకట్లో తీసిన పాత వీడియోలో మా తాతయ్య మొహం ఏఐ సాఫ్ట్‌వేర్‌తో క్లియర్ చేయించొచ్చా? షాపులో చేస్తామంటున్నారు.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: నాయిస్ తగ్గించే ఏఐ వరకు పరవాలేదు, రిజాల్వ్ స్టూడియోలో 19వ వెర్షన్ నుంచి అల్ట్రా ఎన్ఆర్ అని అలాంటిదే ఉంది. మొహాన్ని క్లియర్ చేసే ఏఐ వేరు. ఫైల్లో కళ్లు లేకపోతే అది వేలమంది కళ్లు చూసి నేర్చుకున్నదాంట్లోంచి ఏవో కళ్లు గీసి పెడుతుంది. చూడ్డానికి స్పష్టంగా ఉంటుంది, మీ అమ్మగారికి చూపిస్తే "ఈయన నాన్నలా లేరే" అంటారు. షాపువాళ్లని మొత్తం చెయ్యనివ్వకుండా ముందు పది సెకన్ల ముక్క చేయించి, తాతయ్యని బాగా ఎరిగిన ఇద్దరికి చూపించండి. వాళ్లు గుర్తుపట్టిన వెర్షనే ఉంచుకోండి, అది మసగ్గా ఉన్నా సరే.